పండుగ సెలవుల ముందు టీచర్లకు కానుక: లెక్క ఎక్కడ తప్పుతోంది?

క్లుప్తంగా: ప్రభుత్వ బడి టీచరుకు ఇచ్చేది పువ్వు, పండు, జమ్మి ఆకు దగ్గరే ఆగాలి. ప్రైవేటు బడిలో తరగతి మొత్తం కలిసి తలా 50 రూపాయలు వేసుకుంటే చాలు. విడిగా ఇవ్వాలనుకుంటే క్లాస్ టీచరుకు మాత్రమే, 150 రూపాయల లోపు. అసలు చిక్కు మొత్తంలో కన్నా వసూలు పద్ధతిలో ఉంది. ఎవరెంత ఇచ్చారో అందరికీ కనపడేలా వసూలు చేసిన ప్రతి చోటా రేటు ఏటేటా పెరుగుతుంది.

ఒక్క ఏడాదిలో ఎన్నిసార్లు?

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో మోస్తరు ప్రైవేటు బడికి పిల్లల్ని పంపే ఇంట్లో సెప్టెంబరు వచ్చిందంటే టీచర్లకు ఏమివ్వాలన్న మాట మొదలవుతుంది. సెప్టెంబరు 5 సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజు. 1962 నుంచి దేశమంతా ఆ రోజున ఉపాధ్యాయ దినోత్సవం జరుపుకుంటున్నారు. అది ముగిసిన కొద్ది వారాలకే బతుకమ్మ, దసరా సెలవులు. మిషన్ బడుల్లో డిసెంబరులో క్రిస్మస్ సెలవులు, మిగతా బడుల్లో జనవరి 1న కేకు, డైరీ, ఆ వెంటనే సంక్రాంతి. ఆషాఢంలో గురుపౌర్ణమి, మధ్యలో టీచరు పుట్టినరోజు, చివర్లో పదో తరగతి వీడ్కోలు సభ వీటికి అదనం.

ఇవన్నీ ఒకే చోట పుట్టిన అలవాట్లు కావు. సెప్టెంబరు 5 ప్రభుత్వ వేడుక. దసరా ఇనాం పల్లె అలవాటు. క్రిస్మస్ ముందు టీచరుకు ఏదైనా ఇవ్వడం అమెరికా బడుల్లో ఎక్కువ. అక్కడ బంధువులున్న ఇళ్లు ఈ జిల్లాల్లో తక్కువేం కాదు, వాళ్ల ఫొటోల వెంట ఆ పద్ధతీ ఇక్కడికి వస్తోంది. దేనికది చూస్తే చిన్న ఖర్చే. అన్నీ ఒకే ఇంటి మీద పడినప్పుడే బరువు తెలుస్తుంది.

లెక్క వేస్తే ఇలా ఉంటుంది. ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఒకరు మూడో తరగతి, ఒకరు ఎనిమిది. రాష్ట్ర సిలబస్‌లో హైస్కూలు పిల్లవాడికి తెలుగు, హిందీ, ఇంగ్లిష్, లెక్కలు, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, సాంఘికశాస్త్రం కలిపి ఏడుగురు టీచర్లు, వ్యాయామం సారుతో ఎనిమిది మంది. చిన్న పాపకు ఐదుగురు అనుకుందాం. తలా 100 రూపాయల వస్తువు ఇస్తే ఒక్కో సందర్భానికి 1,300. ఉపాధ్యాయ దినోత్సవం, దసరా, కొత్త ఏడాది అని మూడుసార్లు ఇస్తే 3,900. ఏడాదికి 30 వేల ఫీజున్న బడిలో ఇది ఒక బిడ్డ నెల ఫీజు కన్నా ఎక్కువ. వంద రూపాయలే కదా అనుకున్నది అక్కడి దాకా పోతుంది.

ఐదు వరహాల కాలం

కానుకకూ జీతానికీ మధ్య గీత లేని రోజులుండేవి. వీధి బడి పంతులుకైనా, నిజాం కాలంలో తెలంగాణ పల్లెల్లో నడిచిన ఖాన్గీ (ప్రైవేటు) బడి అయ్యవారికైనా నెల జీతం అంటూ ఉండేది కాదు. పంట ఇంటికొచ్చినప్పుడు గింజలు, పండుగకు బట్టలు, దసరాకు మామూలు, ఇదే ఆదాయం. దసరా రోజుల్లో పిల్లలు గిలకలు, విల్లంబులు పట్టుకుని, బుక్కాగులాలు చల్లుతూ, పద్యాలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగేవాళ్లు. పంతులుకు ఐదు వరహాలు, పిల్లలకు పప్పుబెల్లాలు చాలని ఆ పాటలోనే అడిగేవాళ్లు.

ఆ పద్ధతిలో గమనించాల్సినవి రెండున్నాయి. పంతులు తన నోటితో అడగలేదు, ఊరు ఊరంతా వింటుండగా పిల్లలు అడిగారు. పైగా ఇచ్చింది ఏడాది చాకిరీకి ప్రతిఫలం, ఎవరి మార్కుల కోసమో కాదు. బడి సర్కారు చేతికి వచ్చి, పంతులు జీతగాడయ్యాక ఆ మామూలు అవసరం తీరిపోయింది. పేరు మాత్రం నిలిచింది.

దసరాకే ఇంకో అలవాటుంది, అది ఇప్పటికీ చెక్కుచెదరలేదు. పండుగ సాయంత్రం జమ్మి చెట్టు దగ్గరికి వెళ్లి తెచ్చిన ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కడం. తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా ఈ జమ్మే. టీచరుకు ఇచ్చే కానుకల్లో విలువ లెక్కగట్టలేనిది, పైసా ఖర్చు లేనిది ఇదొక్కటే. ఎవరింట్లోంచి వచ్చిన ఆకైనా ఆకే.

జీతం తేడానే సగం తికమక

“టీచరు” అన్న ఒక్క మాట కింద రెండు రకాల బతుకులున్నాయి. 2020 వేతన సవరణ ప్రకారం తెలంగాణలో సెకండరీ గ్రేడ్ టీచరు మూలవేతనం 31,040 రూపాయల దగ్గర మొదలవుతుంది, స్కూల్ అసిస్టెంటుది 42,300 దగ్గర. కరువు భత్యం, ఇంటి అద్దె పైన. అదే వీధిలో ప్రైవేటు బడిలో అంతే చదువు చదివి పది పన్నెండు వేలకు పనిచేసే టీచరమ్మలు ఎందరో ఉన్నారు. వేసవి రెండు నెలలూ జీతం ఇవ్వని బడులూ ఉన్నాయి.

తల్లిదండ్రుల్లో చాలామందికి ఈ సంగతి తెలుసు. పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే మేడమ్‌కు పండుగకు ఏమైనా పెట్టాలన్న ఆలోచనలో మర్యాదతో పాటు జాలి కూడా ఉంటుంది. అయితే ఆ లోటు కానుకతో పూడేది కాదు. ప్రైవేటు బడుల ఫీజుల మీద 1994లో వచ్చిన జీవో నంబరు 1 ప్రకారం వసూలైన ఫీజులో సగం టీచర్ల జీతాలకే పోవాలి. మరో 15 శాతం వాళ్ల ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ లాంటి వాటికి. నలభై మంది పిల్లల తరగతిలో తలా 30 వేలు అంటే ఏడాదికి 12 లక్షలు. అందులో సగం 6 లక్షలు. ఆ సొమ్ములో టీచర్లకు ఎంత చేరుతోందని తల్లిదండ్రుల సమావేశంలో ఒకసారి అడిగితే అది వంద స్వీటు డబ్బాల పెట్టు.

ఈ తేడా వల్ల నిబంధనలు కూడా వేరవుతాయి. బాగా జీతం ఉన్న ప్రభుత్వ టీచరు కానుక తీసుకుంటే చట్టం అడ్డొస్తుంది. తక్కువ జీతమున్న ప్రైవేటు టీచరుకు ఆ చట్టం వర్తించదు, బడి యాజమాన్యం పెట్టుకున్న నియమమే ఉంటుంది. కాబట్టి “ఎంత” అని అడిగే ముందు “ఏ బడి” అని అడగాలి.

రేటు ఎట్లా పెరుగుతుంది

ఏడో తరగతి బి సెక్షన్ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూప్ ఉందనుకుందాం. ఆగస్టు చివరి వారంలో ఒకరు మెసేజ్ పెడతారు: “టీచర్స్ డే కదా, అందరం కలిసి ఏదైనా ఇద్దామా?” ఎవరూ కాదనరు. రెండో మెసేజ్‌లో ఫోన్‌పే నంబరు వస్తుంది, మొత్తం మాత్రం రాదు. “మీ ఇష్టం” అంటారు. తికమక అక్కడే మొదలవుతుంది.

మొదట వేసినవారు 500 వేసి స్క్రీన్‌షాట్ పెడతారు. దానితో ఆ గ్రూపులో ధర ఖాయమైపోతుంది. 100 వేద్దామనుకున్నవారు ఆగిపోతారు, 300 వేస్తారు. వేశాక వాళ్లూ స్క్రీన్‌షాట్ పెడతారు. సాయంత్రానికి వసూలు చేసేవారు పేర్ల జాబితా దించి, ఇచ్చినవారి పక్కన పచ్చ టిక్కు పెడతారు. టిక్కు లేని పది పన్నెండు పేర్లు అందరి కళ్లబడతాయి. ఆ పేర్లలో తండ్రి ముంబైలో పనికి పోయిన ఇల్లు ఉండొచ్చు, ఆ నెలే ఆస్పత్రి ఖర్చు పడ్డ ఇల్లు ఉండొచ్చు. మర్నాడు “దయచేసి మిగతావారు” అని ఇంకో మెసేజ్. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ దినకూలి 307 రూపాయలు. 300 చందా అంటే ఒక రోజు ఒళ్లు వంచిన పైసలన్నమాట.

దీని మీద ఇంకో మెలిక ఉంది. అనేక బడుల్లో ఆ గ్రూపుకు అడ్మిన్ క్లాస్ టీచరే. అంటే ఎవరు ఎంత వేశారో, ఎవరు వేయలేదో తీసుకునే మనిషే చూస్తున్నారు. ఆమెకు ఆ ఆలోచనే లేకపోవచ్చు. చూసిందన్న అనుమానం తల్లిదండ్రులకు ఉంటే చాలు, వచ్చే ఏడాది ఎవరూ తక్కువ వేయరు.

పోయినసారి ఇచ్చిన దానికన్నా ఈసారి తగ్గితే బాగుండదన్న మొహమాటం, పక్క సెక్షన్ వాళ్లు వెండి కుంకుమ భరిణె ఇచ్చారన్న వార్త, మిగిలిన పైసలు ఏం చేయాలో తెలియక ఇంకో వస్తువు కొనడం, ఇవి తోడైతే మూడేళ్లలో చందా రెట్టింపవుతుంది. ఇంతా చేస్తే ఇందులో అత్యాశ ఎవరిదీ కాదు. గొర్రెదాటు అంతే.

విడివిడిగా ఇచ్చే చోట వేరే రకం చిక్కు. ఆ రోజు పొద్దున ప్రార్థన అయ్యాక పిల్లలు వరుస కట్టి టేబుల్ మీద పెడతారు. రంగు కాగితంలో చుట్టిన డబ్బా పక్కన రూపాయి గులాబీ. ఎవరిదేదో నలభై జతల కళ్లు చూస్తాయి. చేతిలో ఏమీ లేని పిల్లవాడు ఆ వరుసలో నిలబడడు, నీళ్లు తాగడానికి వెళ్తాడు. పెద్దవాళ్ల లెక్కల్లో ఇది కనిపించదు.

చట్టం ఏమంటోంది

ప్రభుత్వ, స్థానిక సంస్థల బడుల టీచర్లకు 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది. ఉమ్మడి రాష్ట్రం నాటి ఆ నియమాలనే తెలంగాణ కొనసాగిస్తోంది. సారం ఒక్కటే: ఉద్యోగరీత్యా మొహమాటంలో పడేసే కానుక ఏదీ తీసుకోరాదు. పూలు, పండ్లు లాంటి నామమాత్రపు వస్తువులకు మినహాయింపు ఉంది, వాటిని కూడా ప్రోత్సహించవద్దన్నదే ఉద్దేశం. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయల్లో కేంద్ర ప్రభుత్వ నియమాలు ఉంటాయి, వాటి ధోరణీ ఇదే.

అవినీతి నిరోధక చట్టం ఇంకో మెట్టు పైది. 1988 చట్టాన్ని 2018లో సవరించాక ఇచ్చినవారిని కూడా నేరస్తులుగా చూడొచ్చు. బలవంతం మీద ఇచ్చామంటే ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేయాలి. టీచర్స్ డే రోజు ఇచ్చిన పెన్నుకు ఈ చట్టాన్ని తగిలించడం అతి. టీసీ ఇవ్వడానికో, హాజరు సరిచేయడానికో, మార్కులు వేయడానికో ముడిపెట్టి ఇచ్చింది మాత్రం చీరైనా, చాక్లెట్ డబ్బా అయినా కానుక కిందికి రాదు. అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) టోల్ ఫ్రీ నంబరు 1064 అలాంటి వాటికే.

విద్యాహక్కు చట్టాన్ని ఇక్కడ చాలామంది తప్పుగా ఉదాహరిస్తారు. ప్రకటించిన ఫీజు కాక తీసుకునే ఏ విరాళమైనా క్యాపిటేషన్ ఫీజేనని, దానికి పది రెట్ల దాకా జరిమానా ఉంటుందని 2009 చట్టం చెబుతున్న మాట నిజమే. ఆ నిషేధం మాత్రం బడిలో చేర్చుకునే సమయానికి సంబంధించింది. ఏడాది నడిమధ్య తల్లిదండ్రులు తమలో తాము వేసుకునే చందాకు అది వర్తించదు. ఈ విషయంలో పనికొచ్చేది అదే చట్టంలోని సెక్షన్ 17. పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ అది నిషేధిస్తుంది. “మీ ఇంట్లోంచి ఏం తేలేదా” అని తరగతిలో నిలబెట్టి అడిగితే అది ఈ సెక్షన్ పరిధిలోకి వస్తుంది. సెక్షన్ 28 ప్రకారం టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు కూడా. పొద్దున బడిలో, సాయంత్రం ఇంట్లో ఒకే టీచరు చెబుతున్న చోట పండుగ కానుకను జనం వేరే దృష్టితో చూడటం ఇందువల్లే.

బయట ఎలా ఉంది

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం పెట్టుకున్న పద్ధతి ఈ విషయంలో పనికొస్తుంది. ప్రభుత్వ బడి టీచరు ఒక్కరి దగ్గర 50 డాలర్లు, ఆపైన విలువ చేసే కానుక తీసుకోరాదు. తరగతి మొత్తం కలిసి ఇస్తే 150 డాలర్ల దాకా తీసుకోవచ్చు, ఒక్క షరతు మీద: ఎవరెంత వేశారో, ఎవరు వేశారో టీచరుకు తెలియకూడదు. అంటే మొత్తాన్ని కన్నా పేరును ఎక్కువ భయంగా చూసింది ఆ చట్టం.

దక్షిణ కొరియా ఇంకా గట్టిగా పోయింది. 2016లో అమల్లోకి వచ్చిన అవినీతి నిరోధక చట్టం కింద అక్కడ మే 15న జరిగే టీచర్స్ డేకు విద్యార్థి విడిగా తన క్లాస్ టీచరుకు ఒక్క కార్నేషన్ పువ్వు ఇచ్చినా తప్పే. విద్యార్థుల ప్రతినిధి అందరి ముందు ఇస్తే సరే. 2014లో చైనా విద్యాశాఖ కూడా టీచర్లు తల్లిదండ్రుల దగ్గర కానుకలు, నగదు తీసుకోకుండా ఆదేశాలిచ్చింది.

కొరియా పద్ధతి ఇక్కడికి పనికిరాదు. జమ్మి ఆకు పెట్టి కాళ్లకు మొక్కే చోట పువ్వును నేరం చేస్తే ఎవరూ ఒప్పుకోరు. మసాచుసెట్స్ సూత్రం మాత్రం నల్లగొండ ప్రైవేటు బడికి కూడా అతికినట్టు సరిపోతుంది.

చందా వేసుకుంటే ఇలా

కనీసం పది రోజుల ముందు మొదలుపెట్టాలి. రెండు రోజుల ముందు మొదలుపెడితే తొందరలో ఏది దొరికితే అది ఎక్కువ ధరకు కొంటారు. టీచర్లు ఉన్న బడి గ్రూపులో ఈ మాటే ఎత్తకూడదు. తల్లిదండ్రులకు మాత్రమే వేరే గ్రూపు కావాలి, పని అయ్యాక దాన్ని మూసేయాలి.

మొత్తాన్ని ముందే చెప్పాలి, పై హద్దుతో సహా: “50 రూపాయలు. అంతకు మించి వేయొద్దు. వేయకపోయినా అందరి పేరు మీదే ఇస్తాం.” ఈ మూడు వాక్యాల్లో రెండోది కీలకం. కింది హద్దు ఒక్కటే పెడితే 500 వేసేవారు ఆగరు, వాళ్ల వెంట మిగతావారూ ఆగరు. స్క్రీన్‌షాట్లు పెట్టొద్దని కూడా చెప్పాలి. జాబితా వసూలు చేసేవారి దగ్గరే ఉండాలి, గ్రూపులో మొత్తం అంకె ఒక్కటే పెట్టాలి. ఫోన్‌లో పంపలేని వాళ్లుంటారు. అలాంటి వాళ్లు పిల్లల డైరీలో నోటు పెట్టి పంపితే అది దారిలోనే పోతుంది. బడి గేటు దగ్గర పిల్లల్ని దింపేటప్పుడు చేతికివ్వడం మేలు.

బడ్జెట్ వేసేటప్పుడు అందరూ ఇస్తారని లెక్క కట్టడమే సాధారణంగా జరిగే పొరపాటు. నలభై మందికి 2,000 అని వస్తువులు కొనేసి, చివరికి వసూలు చేసిన తల్లి జేబులోంచి 500 పెట్టుకుంటుంది. ఆమె వచ్చే ఏడాది ఆ పని ముట్టుకోదు. ముప్పై మందే ఇస్తారనుకుని 1,500తో లెక్క వేసుకోవాలి. క్లాస్ టీచరుకు 400, మిగతా ఏడుగురికి తలా 100 చొప్పున 700, ఆయాకు 200, బడి బస్సు డ్రైవరుకు 200. సరిగ్గా 1,500. ఆయా, డ్రైవరు జాబితాలో లేని చందాలే ఎక్కువ. ఎల్‌కేజీ పిల్లవాడి బట్టలు మార్చేది, ఇరుకు మలుపుల్లో బస్సు తిప్పేది వాళ్లే అయినా టీచర్స్ డే పేరులో వాళ్లు లేరు కాబట్టి ఎవరికీ గుర్తుకురారు. దసరాకైతే ఆ సాకు కూడా చెల్లదు. పైసలు మిగిలితే తరగతికి గోడ గడియారమో, కథల పుస్తకాలో కొని, బిల్లు ఫొటో గ్రూపులో పెట్టాలి.

నగదు ఇవ్వొద్దు. పెళ్లి చదివింపుల్లో 116, 516 కవరు మనకు అలవాటే. బడి గేటు లోపల అదే కవరుకు వేరే అర్థం వస్తుంది. పరీక్షల ముందు వారంలో, ప్రోగ్రెస్ కార్డులిచ్చే ముందు రోజు ఏ కానుకా వద్దు. ఇంటర్నల్ మార్కులున్న తరగతుల్లో ఇది మరీ ముఖ్యం. మార్కులొచ్చాక ఇచ్చినదాన్ని ఎవరూ వేలెత్తి చూపరు.

వస్తువు సంగతి

ఏ టీచరింట్లో చూసినా ఈ కానుకల గుట్ట ఒకేలా ఉంటుంది: శాలువాలు, కప్పులు, గాజు ఫ్రేముల్లో మెమెంటోలు, వాడని పెన్నులు. శాలువా సన్మానానికి బాగుంటుంది కానీ కప్పుకోవడానికి పనికిరాదు. పేరు చెక్కించిన మెమెంటోను ఇంకొకరికి ఇవ్వడానికి కూడా ఉండదు. స్వీటు డబ్బాలదీ అదే తీరు. ఒకే రోజు ఇరవై డబ్బాలొస్తే కోవా రకాలు రెండో రోజుకే వాసన వస్తాయి. టీచరుకు షుగరుంటే అసలు ముట్టరు.

దక్షిణ తెలంగాణలో దసరా అంటే సీతాఫలం కాలం. దేశమంతా తెలిసిన బాలానగర్ రకానికి ఆ పేరొచ్చింది ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ నుంచే. హైదరాబాద్ నుంచి జడ్చర్ల దాకా 44వ నంబరు జాతీయ రహదారి పక్కన గంపలు పెట్టుకుని అమ్ముతారు. టీచరుకు ఇవ్వడానికి ఇంతకన్నా మంచి వస్తువు ఈ ప్రాంతంలో దొరకదు, తెలిసి కొంటే. పూర్తిగా మగ్గిన పండు కొంటే బస్సులో ఇంటికి చేరేలోపు చిట్లి సంచంతా అంటుకుంటుంది. మరీ పచ్చికాయ కొంటే మగ్గదు, నల్లబడి గట్టిపడుతుంది. తొక్క మీది కన్ను కన్నుకూ మధ్య సందులు తెల్లగానో లేత పసుపుగానో విచ్చుకుని, కాయ మాత్రం గట్టిగా ఉన్నవి చూసి తీసుకోవాలి. బియ్యంలోనో వరిగడ్డిలోనో పెడితే రెండు మూడు రోజుల్లో మగ్గుతాయి. ఇంకో జాగ్రత్త: దసరా సెలవులకు టీచర్లు సొంతూళ్లకు పోతారు, రెండు వారాల దాకా తాళమే. చివరి పనిదినాన ఇస్తే కాయలు వాళ్ల వెంట ఊరికి పోవాలి. అందుకే గంప కాదు, ఆరో ఎనిమిదో కాయలు, కాగితం చుట్టి అట్టపెట్టెలో. దూరం పోయేవాళ్లకైతే నల్లగొండ బత్తాయిలే నయం. వారం పైన నిలుస్తాయి, నలగవు.

చీరల మాట తరచూ వస్తుంది. నారాయణపేట గళ్ల నూలు చీర, గద్వాల చీర, పోచంపల్లి ఇక్కత్, ఇవన్నీ ఈ నేల పేరు మోసేవే. అయినా ఏటేటా పండుగకు ఇచ్చే వస్తువులు కావు. బదిలీకో, పదవీ విరమణకో తరగతి మొత్తం తరఫున ఒకటి ఇస్తే బాగుంటుంది. కొనేటప్పుడు హ్యాండ్లూమ్ మార్క్ చూడాలి, గద్వాల చీరైతే తిరగేసి అంచు ఒంటికి అతికిన చోటు చూడాలి. మగ్గం మీద నేసిన దాంట్లో నూలు ఒంటిని పట్టు అంచుతో పోగుపోగుకీ ముడివేసి కలుపుతారు, అందుకే కుట్టు చీర అంటారు. మరమగ్గం నకలులో ఆ అతుకు ఉండదు, ధర మాత్రం అసలుదే చెబుతారు.

పిల్లల చేతి రాత విలువ గురించి చెప్పాలంటే ఒక్క మాట చాలు: టీచర్లు బదిలీ అయినప్పుడు మెమెంటోలు పాత బడిలోనే వదిలేస్తారు, ఉత్తరాలు వెంట తీసుకుపోతారు. ఉత్తరంలో “మీరు చాలా మంచి టీచర్” అని కాకుండా ఏదైనా ఒక సంగతి రాయించాలి. భిన్నాల లెక్క జొన్నరొట్టె ముక్కలతో చెప్పిన రోజు లాంటిది.

ప్రభుత్వ బడికి ఇవ్వాలనుకునేవారు

టీచరుకు కాదు, బడికి ఇవ్వొచ్చు. 2024 నుంచి ప్రభుత్వ బడుల్లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలున్నాయి, వాటిలో ఊరి మహిళా సంఘాలకు పెద్ద పాత్ర ఉంది. ఇచ్చే వస్తువును ఆ కమిటీ ద్వారా ఇచ్చి, బడి స్టాక్ రిజిస్టరులో రాయించి రసీదు అడగాలి. రాయించని ఫ్యాను హెడ్మాస్టరు మారగానే ఎవరిదో తెలియకుండా పోతుంది. ముందు బడికి ఏం కావాలో అడగడం ఇంకా ముఖ్యం. నాలుగో గోడ గడియారం ఎవరికీ అక్కర్లేదు. మధ్యాహ్న భోజనం గదికి మూతల డబ్బాలు కావాల్సి ఉండొచ్చు.

అడిగి తీసుకుంటే

టీచరో, యాజమాన్యమో ఫలానా వస్తువు తెమ్మని చెబితే అది ఆ పూటే తేల్చాల్సిన సంగతి. ముందు హెడ్మాస్టరుకు లేదా ప్రిన్సిపాల్‌కు కాగితం మీద రాసి ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోవాలి. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదు ఎక్కడా నిలబడదు. కదలిక లేకపోతే మండల విద్యాధికారి, ఆ పైన జిల్లా విద్యాధికారి. సోమవారం కలెక్టరేటులో ప్రజావాణి ఉంటుంది, అక్కడ ఇచ్చిన అర్జీకి నంబరు వేస్తారు, ఆ నంబరు పట్టుకుని అడగొచ్చు. ఒక్కరే వెళ్తే బిడ్డ మీద కోపం పెట్టుకుంటారన్న భయం సహజం. ఐదారుగురు తల్లిదండ్రులు ఒకే కాగితం మీద సంతకాలు చేస్తే ఎవరి బిడ్డన్నది ముందుకు రాదు.

ఇవ్వలేని ఇంటికి జవాబు బడి తిరిగి తెరిచిన రోజున దొరుకుతుంది. దసరా సెలవులయ్యాక మొదటి ప్రార్థన నాడు కొందరు పిల్లలు పుస్తకాల మధ్య దాచిన జమ్మి ఆకులు తెస్తారు. అప్పటికి ఆకు ఎండి, చిన్నచిన్న రేకులు రాలిపోయి ఉంటాయి. టీచరు చేయి చాపుతుంది, పిల్లవాడు ఆ రేకులు అరచేతిలో దులిపి కాళ్లకు వంగుతాడు. ఆ రోజు వరుసలో నీళ్లు తాగడానికి వెళ్లేవాళ్లు ఉండరు.